ఆకుపచ్చ బండి కింద నూనె చుక్క

ఆదోనిలో నా షెడ్డు పత్తి మార్కెట్ యార్డు వెనక సందులో ఉండేది. రేకుల కప్పు, మధ్యలో మనిషి నిలబడి పని చేసుకోగలిగినంత గుంత, గుంత మీది దూలానికి వేలాడే చైన్ పుల్లీ. వెనక ఒక గది. ఆ గదిలో స్వామి పటం, మంచం, కిరసనాయిల్ స్టవ్వు. డెబ్బైల నడుమ మొదలుపెట్టి ఎనభైల చివరిదాకా నా లోకం అంతే. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదంటే చెప్పడానికి పెద్ద కథేమీ లేదు, కాకుండా జరిగిపోయింది. శనివారం మాత్రం మధ్యాహ్నానికే షెడ్డు మూసి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, ఎమ్మిగనూరు బస్సెక్కేవాణ్ణి.

ఎమ్మిగనూరు మా ఊరు. మా నాన్న నేతగాడు. ఇంట్లో గుంతమగ్గం, నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించుకుని పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా కూర్చునేవాడు. "నేను గుంతలో కూసున్నా. నువ్వన్నా పైన కూసోరా నాయనా" అని నన్ను బడికి పంపాడు. నేను చదువు మధ్యలో వదిలేసి, ఇంజన్ల పని నేర్చుకుని, ఆయన గుంతకన్నా లోతైన గుంతలోకి దిగాను. అది తలుచుకుని ఆయన చివరిదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఆయన పెట్టిన ఇంకో చదువు మాత్రం నేను వదల్లేదు. మా వీధిలో భజన కూటం ఉండేది. శనివారం సాయంత్రం దీపం పెట్టాక ముందు పారాయణం, తర్వాత భజన. పదేళ్ళ వయసు నుంచి నా చేత గ్రంథం చదివించారు. అక్షరం తడబడితే మొదటి నుంచి మళ్ళీ చదవాలి. అర్థం పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. అలా చెవుల గుండా ఎక్కిన మాటలే నాకు ఈనాటికీ ఆధారం. దేవుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. ఆయన ముందు నేను సరిగ్గా నిలబడ్డానా అన్నదే నా ప్రశ్న.

కూటంలో ఒక కట్టు ఉండేది. ఎవరిమీదనైనా నింద వేసినవాడు, ఆ నింద తప్పని తేలితే, ఏ చోట ఆ మాట అన్నాడో ఆ చోటే నిలబడి పదిమంది వినేటట్టు దాన్ని వెనక్కి తీసుకోవాలి. చాటుగా పోయి కాళ్ళు పట్టుకుంటే చెల్లదు. వెనక్కి తీసుకునేదాకా భజనలో కంచు తాళాలు ముట్టకూడదు. నా చిన్నతనంలో ఒకాయన తన నూలు చిలప, మగ్గానికి తెచ్చుకున్న పోగుల కట్ట, పక్కింటివాడు తీశాడని బావి దగ్గర అరిచాడు. వారం తర్వాత చిలప ఆయన అటక మీదే దొరికింది. ఆయన బావి దగ్గరికి పోయి నిలబడి చెప్పాడు. అప్పుడక్కడ నీళ్ళు చేదుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు తప్ప ఎవరూ లేరు. అయినా చెప్పాడు. ఆ సాయంత్రమే ఆయన చేతికి తాళాలిచ్చారు.

షెడ్డులో నాకు తోడుగా ఒకాయన ఉండేవాడు. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. గోనెగండ్ల మనిషి, రైతుల ఇంటివాడు. ఆయన్ని అన్నా అనే పిలిచేవాణ్ణి. పని నాకు నేర్పింది ఆయనే. తర్వాత ఇద్దరం కలిసి షెడ్డు పెట్టుకున్నాం. శనివారాలు నాతో పాటు కూటానికి వచ్చి మద్దెల వాయించేవాడు. ఆయన మద్దెల, నా తాళాలు. బోల్టు మర ఎంత బిగించాలో స్పానర్ చివర వేలితో తెలుసుకునే మనిషి. మద్దెల తోలు బిగువు కూడా అలాగే తెలుసుకునేవాడు. మాటలు తక్కువ. గుంతలో ఆయన దిగితే నేను సీట్లో కూర్చునేవాణ్ణి. "రేజ్ చెయ్" అనేవాడు కిందనుంచి. "ఇంకొంచెం... ఆ, సాలు." రోజంతా మా సంభాషణ అంతే.

జిన్నింగ్ మిల్లు సావుకారు దగ్గర ఒక ఆకుపచ్చ బండి ఉండేది. ఇంగ్లాండులో చేసినది, పాత స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన మడిచే గుడ్డ టాపు, నేలకు ఆనుకున్నంత కింద కూర్చునేది. ఆయన వయసులో ఉండగా మద్రాసులో ఎవరో దొర దేశం వదిలి పోతుంటే కొన్నాడు. ఆ బండిని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. ప్రతి గురువారం పొద్దున భార్యను పక్కన కూర్చోబెట్టుకుని మంత్రాలయం పోయి స్వామి దర్శనం చేసుకుని వచ్చేవాడు. దారిలో గొర్రెల కాపరులు కర్ర ఆనించుకుని ఆ బండి కనుమరుగయ్యేదాకా చూసేవాళ్ళు.

ఒక వానాకాలం ఆ బండి ఇంజన్ మొత్తం విప్పి కట్టాం. వెనక బేరింగు పని అన్న తన చేత్తో చేశాడు. ఆ ఇంజన్‌లో క్రాంక్ షాఫ్టు వెనక చివర రబ్బరు సీలు ఉండదు. షాఫ్టు మీద మర చుట్టలాంటి గాడి ఉంటుంది. షాఫ్టు తిరిగేకొద్దీ ఆ గాడి బయటికి రాబోయే ఆయిల్‌ను లోపలికి తోసేస్తూ ఉంటుంది. దాని చుట్టూ ఉండే మూతను వెంట్రుక వాసి తేడా లేకుండా కూర్చోబెట్టాలి. అన్న రెండు రోజులు దానిమీదే కూర్చున్నాడు. ఆయిల్ పోసి నడిపితే ఒక్క చుక్క రాలేదు. సావుకారు బండి కింద తెల్ల కాగితం పరిచి, మర్నాడు పొద్దున దాన్ని ఎత్తి చూసి నవ్వాడు.

దీపావళి దాటాక పత్తి దిగింది. మిల్లు తిరిగినన్నాళ్ళు ఆదోని గాలిలో దూది ఎగురుతూనే ఉంటుంది. తల మీద, కనుబొమ్మల మీద, తాగే నీళ్ళ మీద. ఆ రోజుల్లోనే బండి కారడం మొదలుపెట్టింది. ముందు చుక్క, తర్వాత ధార. క్లచ్ హౌసింగ్ అడుగున చిటికెనవేలు పట్టేంత రంధ్రం ఉంటుంది, అక్కడినుంచి. మంత్రాలయంలో బండి ఆపిన చోట పడిన మరక మీద గుడి మనిషి బూడిద పోసి, "స్వామికి తైలాభిషేకం లోపల చేస్తారు సావుకారూ, ఈడ కాదు" అన్నాడట. సావుకారు నవ్వుతూనే చెప్పాడు గానీ ముఖం కందిపోయి ఉంది.

సంక్రాంతికి ముందు ఒక పొద్దున మిల్లు నుంచి కబురొచ్చింది. ఇద్దరం పోయాం. మిల్లు ముంగిట ఎండకు పరిచిన పత్తి అంచున బండి ఉంది. దాని కింద నుంచి ఆయిల్ పారి పత్తిలోకి పాకింది. మంచి తెల్ల పత్తి, నల్లగా, రెండు మంచాల మేర. పత్తి ఏరే ఆడవాళ్ళు, హమాలీలు, అందరూ చుట్టూ నిలబడ్డారు.

"ఎవురు సేసినారప్పా ఈ పని?" అని అరిచాడు సావుకారు. "ఇంజన్ అంతా కొత్తగా అయిందంటిరే? ఏమయింది మీ పనితనం?"

ఆ బండి మీద నా పేరు కూడా ఉంది. ఆదోనిలో ఆ బండిని ముట్టుకున్న షెడ్డు మాది ఒక్కటే. నేను అప్పుడు అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"వెనక బేరింగు నేను ముట్టల్యా అయ్యా. అది అన్న బిగించినాడు. శ్రద్ధ ల్యాని చేతి పని అట్లే కారుతాది. దేవుని పనైనా, ఇంజన్ పనైనా."

దేవుడి మాట ఎందుకు తెచ్చానో! పారాయణం చేసే నోరు కదా, ఆ మాటలు అడగకుండానే వస్తాయి.

అన్న నా వైపు చూశాడు. నడుముకు చుట్టుకున్న పాత గుడ్డ తీసి ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. చేతులకు అప్పుడు మురికి లేదు. "సెప్పినావు కదా, సరే" అని, గుడ్డ భుజాన వేసుకుని మిల్లు గేటు దాటి పోయాడు. షెడ్డుకు రాలేదు. తన స్పానర్ల పెట్టె కూడా అడగలేదు. నేనే బస్సు మీద వేసి పంపాను. గోనెగండ్లలోనే ఉండి రైతుల పంపు ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడని తర్వాత విన్నాను. కూటానికి కూడా రాలేదు. మద్దెల గోడకు వేలాడింది. ఒకరిద్దరు అడిగారు. "పని వదిలి పోయినాడు" అన్నాను.

తర్వాత రెండేళ్ళు ఆ బండి నాతో ఆడుకుంది. సావుకారు విసుగుతోనే అయినా నా దగ్గరికే పంపేవాడు. వేరే దిక్కు లేదు. మందం ఆయిల్ పోసి చూశాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ కారింది. రెండుసార్లు గేర్‌బాక్సు దించి వెనక మూత విప్పాను. ఇద్దరు మనుషులు చేసే పని అది. ఒకడు పైనుంచి గొలుసు వదలాలి, ఒకడు కింద పట్టుకోవాలి. నేను గుంత మీద అడ్డంగా పలక వేసి, దానిమీద వెల్లకిలా పడుకుని, గేర్‌బాక్సు బరువు రొమ్ము మీద ఆనించుకుని, ఒక చేత్తో గొలుసు వదులుతూ దించుకున్నాను. విప్పి చూసిన ప్రతిసారీ అన్న పని అద్దంలా ఉంది. కొలిచాను. తప్పు దొరకలేదు. దొరకాలని వెతికాను కాబట్టి, దొరకకపోయినా ఉందనే అనుకున్నాను. మూత మళ్ళీ నా చేతులతో బిగించాను. మళ్ళీ కారింది. అప్పుడు కూడా, మొదట ఆయన చెడగొట్టింది ఇక కుదరదులే అనుకున్నాను గానీ వేరే ఆలోచన రాలేదు.

ఆ రోజుల్లో మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు రెండో పళ్ళెం తీసి మళ్ళీ పెట్టేసేవాణ్ణి. అలవాటు. గుంతలో ఉండి "సీటు కింద ఉండే పదహారు నంబరు స్పానరు ఇయ్యి" అని పైకి చెయ్యి చాపిన రోజులూ ఉన్నాయి. చెయ్యి కొంచెంసేపు అలా ఉండేది. తర్వాత నేనే పైకెక్కి తీసుకునేవాణ్ణి. సాయంత్రం దీపం పెట్టి జపం చేసుకునేటప్పుడు మాత్రం ఆ గదిలో ఒంటరినని అనిపించేది కాదు. కానీ జపం ఎంతసేపని! దాని తర్వాత రాత్రి మొత్తం ఉండేది.

ఉగాది మర్నాడు ఆ సందు అంతా ఖాళీ. కైరుప్పలలో పిడకలతో కొట్టుకునే పండుగ చూడటానికి జనం పొద్దున్నే బస్సులు, లారీలు ఎక్కి పోయారు. నేను పోలేదు. అంతకుముందు అన్నతో పోయేవాణ్ణి. ఒక్కణ్ణే పోయి ఎవరి పక్కన నిలబడాలి? బండి షెడ్డులో ఉంది. ఆ రోజు దీని సంగతి తేల్చాలనుకున్నాను.

ఇంజన్‌ను పైనుంచి కిరసనాయిల్‌తో కడిగాను. ఆరాక ఇంటి ముందు వేసే ముగ్గుపిండి తెచ్చి, ఉఫ్ అని ఊది, అన్ని వైపులా పలచగా పట్టించాను. ఆయిల్ ఎక్కడ పుడితే అక్కడ పిండి నల్లబడుతుంది. కిందికి జారిన మరకను చూసి మోసపోకుండా మూలం కనిపెట్టడానికి అదొక మార్గం. ఇంజన్ నిదానంగా తిరిగితే ఆ లీకు బయటపడదు, వేగం కావాలి. సీట్లో కూర్చుని తొక్కడానికి మనిషి లేడు. గోనెగుడ్డలో చుట్టిన ఒక ఇటుక నా దగ్గర ఉండేది. దాన్ని ఆక్సిలరేటర్ మీద పెట్టి, ఇంజన్ హోరెత్తగానే గుంతలోకి దూకేవాణ్ణి. వాకిట్లో నిలబెట్టిన అద్దం నుంచి ఎండ గుంతలోకి పడేటట్టు ముందే సర్దుకున్నాను.

పక్కలన్నీ తెల్లగానే ఉన్నాయి. క్లచ్ హౌసింగ్ రంధ్రం నుంచి మాత్రం చుక్క తర్వాత చుక్క. వెనక బేరింగే. అన్న మీద మళ్ళీ కోపం వచ్చింది. పైకెక్కాను. ఆయిల్ మట్టం చూసే కొలత కడ్డీ దానంతట అది అంగుళం పైకి లేచి ఉంది. అది నొక్కి పెట్టాను. మళ్ళీ లేచింది. ఆయిల్ తగ్గిందేమో, పోద్దాం అనుకున్నాను. ఇంజన్ ఆపి పోయాలి. కానీ ఆపితే ఇటుక తియ్యాలి, మళ్ళీ చోక్ లాగాలి, మళ్ళీ అంతా మొదటినుంచి. ఒక్కడినే చేసుకోవాలంటే బద్ధకం. ఇంజన్ తిరుగుతుండగానే పైన ఆయిల్ పోసే మూత తిప్పాను. బుస్సున వేడి పొగ ముఖాన కొట్టింది. కళ్ళు మండి, మూత చేత్తోనే పట్టుకుని, ఆయిల్ పోయడం మరిచి గుంతలోకి దిగాను.

చుక్క లేదు. పది లెక్కపెట్టాను. ఇరవై. యాభై. లేదు.

పైకి పోయి మూత పెట్టాను. దిగాను. చుక్క పడింది. మూత తీశాను. ఆగింది. అలా నాలుగుసార్లు గుంత ఎక్కి దిగాను. బేరింగు దగ్గర ఏ దోషమూ లేదు. ఇంజన్‌కు ఊపిరాడడం లేదు. లోపల పుట్టిన ఆవిరి పోవడానికి దారి లేక, ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి ఆయిల్‌ను తోసుకుని వస్తోంది. ఇద్దరం ఉండి ఉంటే, ఒకడు పైన, ఒకడు కింద, గంటలో తేలిపోయే సంగతి. నాకు రెండేళ్ళు పట్టింది.

ఆ ఇంజన్ ఊపిరి వదిలే గొట్టం ఒకటి పక్కనుంచి కిందికి దిగి ఉంటుంది. ఇంజన్ ఆపి దాని కొస వెతికాను. కొసన నల్లటి ముద్ద. మట్టిగడ్డ అనుకుని రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. గేర్‌బాక్సు దించిన రెండుసార్లూ అది నా కంటి ముందే ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీశాను. మట్టి రాలలేదు. దారపు పోగు వచ్చింది. ఇంకా గీశాను. ఎర్ర అంచు కనబడింది.

మా నాన్న నేసిన పంచె అంచు అది.

ఇంజన్ కట్టడం పూర్తయిన రోజు అన్న టీ తాగడానికి పోయాడు. మిల్లులో నిలబడే బండి కదా, గొట్టంలోకి దూది పోతుందని నాకు తోచింది. ఆదోని మిల్లుల్లో యంత్రాల నోళ్ళకు గుడ్డ కట్టడం మామూలే. గది లోపలికి పోయి, ఆ సంవత్సరమే పోయిన మా నాన్న చివరగా నేసిన పంచె తునక తెచ్చి, రెండు మడతలు వేసి గొట్టం మూతికి కట్టాను. చిన్నప్పుడు తెగిన పోగుకు వేసే ముడి, ఊడని ముడి వేసి, కొసలు పంటితో కొరికేశాను. అదొక పుణ్యకార్యంలాగా చేశాను. అన్న వచ్చాక చెప్పాలనుకుని మరిచిపోయాను. కొత్తలో గుడ్డ పలచగా ఉంది, గాలి ఆడింది. పత్తి దిగాక ఆయిలూ దూదీ దుమ్మూ పట్టి తోలులా గట్టిపడింది.

ముడి విప్పడానికి రాలేదు. బ్లేడుతో కోశాను. ఇంజన్ నడిపాను, ఇటుక పెట్టి, గంటసేపు. కింద తెల్ల కాగితం పరిచాను. కాగితం మీద ముగ్గుపిండి రాలింది, అంతే.

ఆ గుంతలోనే చాలాసేపు కూర్చున్నాను, మా నాన్న మగ్గంలో కూర్చున్నట్టు. సందులో ఒక్క మనిషి అలికిడి లేదు. నాకు అప్పుడు వచ్చిన మొదటి ఆలోచన పశ్చాత్తాపం కాదు, దాచను. ఎవరూ చూడలేదు కదా అన్నది. గుడ్డ పారేస్తే సరిపోతుంది. బండి బాగయింది. అన్న ఎలాగూ రాడు.

మర్నాడు బండి మిల్లుకు తోలుకుపోయాను. సావుకారు వారం రోజులు కింద కాగితం పరిచి చూశాడు. గురువారం మంత్రాలయం పోయి వచ్చి, ముంగిట్లో అందరూ ఉండగా నా భుజం తట్టాడు. "ఎవురికీ తెలియంది నువ్వు కనిపెట్టినావప్పా. ఆయప్ప చెడగొట్టిపోయింది నువ్వు సక్కబెట్టినావు." నేను తల వంచుకుని నవ్వాను. ఔననలేదు, కాదనలేదు.

ఆ శనివారం కూటంలో నా వంతు పారాయణం. చదివాను. కళ్ళు అక్షరాల మీద నడిచాయి, గొంతు పలికింది. తర్వాత తాళాలు అందించారు. చెయ్యి చాపలేకపోయాను. "వేలికి దెబ్బ తగిలింది" అన్నాను. గ్రంథం మూసి ఇంకా పటం ముందు కర్పూరం ఆరకముందే అబద్ధం. గుమ్మం దగ్గర కూర్చున్నాను. గోడకు మద్దెల వేలాడుతోంది. ఇన్నేళ్ళు నేను ఎవరికి చదివి వినిపిస్తున్నానా అనిపించింది. మరుసటి శనివారం కూడా వేలి దెబ్బే చెప్పాను. మూడో వారం ఎవరూ అడగలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆ తర్వాతి గురువారం పొద్దున, సావుకారు బండి తీయబోతుండగా మిల్లుకు పోయాను. పత్తి ఏరేవాళ్ళు అప్పుడే పనికి కూర్చుంటున్నారు. బండి అప్పుడు నిలిచిన చోటే నిలబడ్డాను. జేబులో గుడ్డ ముద్ద ఉంది.

"అయ్యా, ఒక మాట. అందరూ వినాల" అన్నాను. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "రెండేండ్ల కిందట ఈన్నే నిలబడి, అన్న చేసింది శ్రద్ధ ల్యాని పని అన్న్యాను. అది తప్పు. ఆయప్ప పనిలో లోపం ల్యా. గొట్టానికి ఈ గుడ్డ కట్టింది నేను. ఊపిరాడక కారింది. తప్పు నాది. ఆ మాట నేను ఎనక్కి తీసుకుంటాండాను."

మిల్లు లోపల యంత్రం తిరుగుతూనే ఉంది. హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఎవురా అన్న?" అన్నాడొకడు. పనికి కొత్తవాడు. సావుకారు గడియారం చూసుకున్నాడు. "ఇంతేనా? దీనికేనా ఆపినావు? ఆయిల్ నిలిచింది కదప్పా. దర్శనానికి పొద్దుపోతాంది." ఆయన భార్య మాత్రం బండిలోంచి నావైపు ఒకసారి చూసి కొంగు సర్దుకుంది. బండి పోయింది. ఎవరి పని వాళ్ళు మొదలుపెట్టారు. నేను ఆ ముంగిట్లో గుడ్డ ముద్ద పట్టుకుని ఒక్కణ్ణే నిలబడ్డాను. బావి దగ్గర నిలబడి చెప్పిన ఆ నేతగాడికి ఇలాగే అనిపించి ఉంటుంది.

పత్తి రాశి దగ్గర ఒక అవ్వ నోట్లో ఆకు నములుతూ చేతులాపి చూస్తోంది. నేను బండి తెచ్చినప్పుడల్లా "ఏం మేస్త్రీ, నీ రథం మళ్ళా నేల తడిపిందా?" అని ఎగతాళి చేసేది ఆమే.

"వాళ్ళకు గ్యాపకం ల్యా నాయనా. నాకుంది" అంది. "ఆ పొద్దు నేను ఈన్నే ఉన్న్యా. ఆయప్ప మొగం సూసినా. ఉట్టి చేతులు అంతసేపు తుడుసుకున్న మనిషిని నేను మళ్ళా సూడల్యా."

గుడ్డ ముద్ద మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

"మాదీ గోనెగండ్లే. ఆదివారం పోతా. సెప్పమంటావా?"

"నువ్వు విన్నదేదో అదే సెప్పవ్వా. నేను ఏడ్సినానని సెప్పద్దు."

"ఏడ్సల్యా కదా, ఎట్ల సెప్తా?" అని ఆకు ఉమ్మింది.

ఆ శనివారం నేను కూటంలో తాళాలు ముట్టుకోవచ్చు. కట్టు ప్రకారం నాది తీరింది. కూటం పెద్దాయనకు సంగతి చెప్పాను. ఆయన తాళాలు నా ఒళ్ళో పెట్టాడు. వాయించాను. మద్దెల లేని భజనలో తాళాలు ఒట్టి ఇనుప చప్పుడు.

ఎండలు బాగా ముదిరాక ఒక మధ్యాహ్నం అన్న వచ్చాడు. సావుకారు బండి ఆయిల్ మార్చడానికి ఆ రోజు షెడ్డులోనే ఉంది. చెప్పులు వాకిట్లో వదిలి లోపలికి వచ్చి, నన్ను పలకరించకుండా బండి చుట్టూ తిరిగాడు. జుట్టు నెరిసింది. మోకాళ్ళ మీద వంగి కింద చూశాడు.

"ఆ గుడ్డ ఉండాదా?"

పటం కింద పెట్టుకున్నది తెచ్చి ఇచ్చాను. వేళ్ళ మధ్య తిప్పి ముడి చూశాడు.

"ముడి బాగా యేసినావప్పా" అన్నాడు. నవ్వాడో లేదో నాకు తెలియలేదు. "నాతో ఒక్కమాట సెప్పింటే పీకి పారేసుంటా కదా."

"మరిసిపోయినా అన్నా."

"ఊ. గేర్‌బాక్సు రెండుసార్లు దించినావంట. ఎవురు పట్టుకున్న్యారు?"

"ఎవురూ ల్యారు. పలకేసుకొని ఎదమీద ఆనించుకున్న్యా."

నా వైపు అప్పుడు సరిగ్గా చూశాడు. "నడుము ఇరిగింటే?" అన్నాడు. ఆయన చొక్కా విప్పి మేకుకు తగిలించాడు, ఎప్పుడూ తగిలించే మేకుకే. గుంతలోకి దిగాడు.

"స్టార్ట్ చెయ్."

సీటు మీద ఇటుక ఉంది. దాన్ని కిందికి తోసి కూర్చున్నాను. ఇంజన్ అందుకుంది.

"రేజ్ చెయ్" అన్నాడు కిందనుంచి. తొక్కాను. "ఇంకొంచెం." తొక్కాను. కాలు వణికింది, ఇంజన్ శబ్దం కూడా దానితో పాటు వణికింది. "నిలకడగా తొక్కప్పా, ఏమైంది నీకు? ... ఆ. సాలు."

ఆ మాట కోసం రెండేళ్ళు ఎదురుచూశానని అప్పుడు తెలిసింది. స్టీరింగు చక్రం మీద తల ఆనించాను. ఇంజన్ ఆపడం మరిచిపోయాను. ఆయన పైకెక్కి చెయ్యి లోపలికి పెట్టి తాళంచెవి తిప్పాడు. వేలి కొసన ఒక్క ఆయిల్ చుక్క ఉంది, చూపించాడు.

"ఒక్కటి వస్తాది. ఈ జాతి బండ్లకు అంతమాత్రం ఉంటాది. దానికోసం మళ్ళా ఇప్పద్దు."

కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు. అన్నం తిందామన్నాను, తినే వచ్చానన్నాడు. షెడ్డు సంగతి ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "గోనెగండ్లలో పని బాగుంది. ఆడనే ఉంటా" అన్నాడు కోపం లేకుండా. మూడింటి బస్సుకు పోయాడు. బస్టాండు దాకా పోయాను. ఎక్కేముందు, "మద్దెల తోలు ఎండలో సాగుంటాది, ఎవురన్నా సూడండి" అన్నాడు. కూటానికి రమ్మని అడగాలనుకున్నాను. అడగలేదు. ఆయనా అనలేదు.

మద్దెల తోలుకు ఆ వారమే కొత్త కట్టు వేయించాను. ఆయన దాన్ని మళ్ళీ వాయించలేదు. కొన్నేళ్ళకు కన్నుమూశాడని ఆ అవ్వే మిల్లు ముంగిట్లో చెప్పింది.

ఆ తర్వాత షెడ్డు మూసేదాకా ఎన్నో బండ్ల కింద దిగాను. ప్రతిసారీ గోనెగుడ్డ చుట్టిన ఆ ఇటుకే ఆక్సిలరేటర్ మీద పెట్టాను. గుంతలోకి దిగాక, పైన ఎవరూ లేరని తెలిసి కూడా, "సాలు" అని ఒకసారి పైకి అనేవాణ్ణి. తర్వాత నేనే ఎక్కి వచ్చి ఇటుక తీసేవాణ్ణి.